పదమూడో సీసాలో నల్ల ఈగలు

జ్ఞానమ్మ ఆ సోమవారం పొద్దున్నే పదమూడో నంబరు సీసాని కిటికీ వెలుగుకి ఎత్తి పట్టుకుంది. తిప్పి తిప్పి చూసింది. లోపల వందకి పైగా పండ్ల ఈగలున్నాయి, ఒక్కోటి నువ్వుగింజంత. ఒళ్ళూ రెక్కలూ పసుపుగా ఉండే జాతి అది. కానీ ఆ గుంపులో నాలుగు మాత్రం ముదురు రంగులో, పసుపు వాటి పక్కన దాదాపు నల్లగా కనిపిస్తున్నాయి.

ఏడేళ్ళుగా ఆ జాతిని సాకుతోంది ఆవిడ. ఒక్కసారి కూడా అందులో ఇలాంటివి పుట్టలేదు.

మలికిపురం శివార్లలో ఉన్న బర్నబాస్ మెమోరియల్ డిగ్రీ కాలేజీలో జ్ఞానమ్మ జువాలజీ ల్యాబ్ అటెండరు. వయసు యాభై మూడు, చదువు తొమ్మిదో తరగతి. లక్కవరం నుంచి షేర్ ఆటోలో వచ్చి వెళుతుంది. మొదట వరండాలు ఊడవడానికి చేరింది. ఏడేళ్ళ కిందట ప్రసన్నకుమారి అనే లెక్చరరు హైదరాబాదులో పీహెచ్‌డీ ముగించి ఇక్కడ ఉద్యోగంలో చేరుతూ రెండు డజన్ల ఈగల సీసాలు వెంట తెచ్చుకుంది. వాటిని చూసుకోవడానికి మనిషి కావాలంటే ప్రిన్సిపాల్ జ్ఞానమ్మని పంపించాడు. ఆ రోజు నుంచి ఈగలకి వంట చేసేది ఆవిడే. మొక్కజొన్న పిండి, బెల్లం, ఈస్టు, గట్టిపడడానికి కాస్త అగర్ పొడి వేసి, అడుగంటకుండా కలిపి, వేడిగా ఉండగానే సీసాల్లో పోస్తుంది. చల్లారాక దూది బిరడా పెడుతుంది. చీమలెక్కకుండా బల్ల కాళ్ళ కింద నీళ్ళ గిన్నెలు పెట్టింది. పసుపు జాతిని సోమవారం, మామూలు ముదురు రంగు జాతిని గురువారం కొత్త సీసాల్లోకి మారుస్తుంది. రెండూ ఒకే రోజు ముట్టుకోదు. ఆ నియమం ఆవిడ సొంతంగా పెట్టుకున్నదే.

ప్రసన్నకుమారి తొమ్మిదిన్నరకి వచ్చింది. జ్ఞానమ్మ సీసా చూపించగానే ఈగల్ని ఈథర్‌తో మత్తుకి పంపి, తెల్ల పలక మీద పోసి, సన్న కుంచెతో ఏరి మైక్రోస్కోపులో చూసింది. రెండు మగవి, రెండు ఆడవి.

"మామూలు జాతి కలిసిపోయినట్టుందండి జ్ఞానమ్మగారూ," అంది.

"కలవలేదండి."

"ఎక్కడో బిరడా వదులై ఉంటుంది. లేదా మార్చేటప్పుడు ఒకటో రెండో ఎగిరి ఇందులో పడి ఉంటాయి."

"నేను సోమవారం పసుపువి తప్ప ఇంకోటి ముట్టుకోనండి. బిరడా కూడా బిగుతుగానే ఉంది మేడంగారూ, మీరే తీసేరు కదా."

ప్రసన్నకుమారి నవ్వింది. కలిసిన సీసాని పారెయ్యాలని తనకి చదువు చెప్పిన చోట నేర్పారు. ఆ మాటే అంది.

"పారెయ్యడం ఎంతసేపండి," అంది జ్ఞానమ్మ. "ఈ నాలుగింటినీ వేరే సీసాలో ఉంచుతాను. నాకు చూడాలనుంది."

"సరే, ఉంచండి."

బుధవారం విశ్వవిద్యాలయం నుంచి ప్రొఫెసర్ శివశంకర్ వచ్చాడు. కాలేజీకి ఇచ్చిన పరిశోధన ప్రాజెక్టు ఎలా నడుస్తోందో చూసి నివేదిక రాయడం ఆయన పని. ముందు ప్రసన్నకుమారి క్లాసులో వెనక బెంచీ మీద కూర్చున్నాడు. ఆవిడ పాఠానికి కొబ్బరి తాడు తెచ్చింది. జ్ఞానమ్మ భర్త అబ్బులు పనిచేసే కొబ్బరి పీచు కొట్టులో పేనిన తాడు అది, క్లాసు గోడ నుంచి గోడకి రెండు చుట్లు వస్తుంది.

"ఇది ఈగ క్రోమోజోములో ఉండే డీఎన్ఏ అనుకోండి," అంది ప్రసన్నకుమారి. "ఇంత పొడుగు తాడు కంటికి కనపడని కణంలో ఇమడాలి. ఉండలా కుక్కితే ఇముడుతుంది గానీ పని జరగదు. కాబట్టి ఇలా మడత పడుతుంది." తాడు మీద రెండు చోట్లు దగ్గరికి లాగి బట్టల క్లిప్పు పెట్టింది. మధ్యలో ఒక మెలిక ఏర్పడింది. అలా అయిదారు క్లిప్పులు పెట్టేసరికి తాడంతా మెలికలు మెలికలుగా వేలాడింది. "ఈ క్లిప్పులే ఇన్సులేటర్ ప్రొటీన్లు. తాడుని మడవడం వీటి పనిలో సగం. రెండో సగం సరిహద్దు కాయడం. డీఎన్ఏలో జన్యువులుంటాయి, వాటిని నడిపించే స్విచ్చులుంటాయి. ఒక మెలికలో స్విచ్చు పక్క మెలికలో జన్యువు జోలికి పోకుండా ఈ ప్రొటీను మధ్యలో నిలబడుతుంది."

తర్వాత పసుపు ఈగల సంగతి చెప్పింది. ఒంటికి ముదురు రంగునిచ్చే జన్యువు ఆ ఈగల్లో నిక్షేపంగా ఉంది, దాని స్విచ్చులూ ఉన్నాయి. కానీ ఎప్పుడో ఒక ముక్క డీఎన్ఏ ఎక్కడినుంచో ఎగిరొచ్చి ఆ రెండింటికీ మధ్య పడింది. ఇన్సులేటర్ ప్రొటీను వచ్చి ఆ ముక్క మీద కూర్చుంది. దాంతో స్విచ్చు మాట జన్యువుకి అందక ఒళ్ళు పసుపుగా ఉండిపోయింది. వెంట్రుకల స్విచ్చు అవతలి వైపు ఉంది కాబట్టి వెంట్రుకలు మాత్రం నల్లగానే ఉన్నాయి.

వెనక గుమ్మం దగ్గర నిలబడి జ్ఞానమ్మ ఇదంతా వింది. ఏటా వింటూనే ఉంది.

క్లాసయ్యాక ప్రొఫెసరు ల్యాబ్ చూశాడు. విడిగా ఉన్న సీసా కంటబడి, "ఇవేంటి?" అన్నాడు.

"పసుపు వాటిలో పుట్టేయండి," అంది జ్ఞానమ్మ.

ఆయన సీసా ఎత్తి చూసి పెట్టేశాడు. "పుట్టవమ్మా. కలిశాయి." ప్రసన్నకుమారి వైపు తిరిగాడు. "స్టాకులు మీరే చూసుకోవాలి. చదువు లేనివాళ్ళ చేతికిస్తే ఇలాగే ఉంటుంది."

ఆయన గొంతులో కోపమేమీ లేదు. వాన పడుతోంది అన్నంత మామూలుగా అన్నాడు. ప్రసన్నకుమారి బదులు చెప్పబోయి, ప్రాజెక్టు గుర్తొచ్చి ఆగిపోయింది. ఆ ఆగిపోవడం తర్వాత చాలా రోజులు ఆవిడకి గుచ్చుకుంటూనే ఉంది.

వారం తిరగకుండా నివేదిక వచ్చింది. ఈగల జాతులు కలిసిపోయాయనీ, అటెండరు అజాగ్రత్తే కారణమనీ, పసుపు సీసాలన్నీ పారేసి కొత్తవి తెప్పించుకోవాలనీ అందులో రాసి ఉంది. ప్రిన్సిపాల్ రమణబాబు మంచివాడే గానీ కాగితాలంటే భయం. జ్ఞానమ్మని ఆఫీసుకి మారుస్తూ ఉత్తర్వు తయారుచేసి, ప్రసన్నకుమారిని పిలిచి చేతిలో పెట్టాడు.

ప్రసన్నకుమారి ఆ కాగితం పట్టుకుని ల్యాబుకి వచ్చింది. జ్ఞానమ్మే ముందు మాట్లాడింది.

"మేడంగారూ, నల్లవాటి సీసాలో పురుగులు పడలేదండి."

"అంటే?"

"వారం దాటింది కదండి. ఈపాటికి పిల్ల పురుగులు తవ్వేసి మేతంతా చారలు చారలుగా ఉండాలి. ఇదిగో చూడండి, పోసినప్పుడు ఎలా ఉందో అలాగే ఉంది. ఆడవి రెండూ చలాకీగానే తిరుగుతున్నాయి. గుడ్డు ఒక్కటి పెట్టలేదు."

ప్రసన్నకుమారి సీసా తీసుకుంది. మేత అద్దంలా నున్నగా ఉంది. ఆవిడ ఉత్తర్వు కాగితం బల్ల మీద పెట్టేసి స్టూలు లాక్కుని కూర్చుంది.

"జ్ఞానమ్మగారూ, మామూలు జాతి కలిసి ఉంటే గుడ్లు పెట్టాలి కదా."

"ఆయ్. అవి రోజుకి నలభై యాభై పెడతాయండి."

"ఆ ముక్క మీద కూర్చునే ప్రొటీను గురించి క్లాసులో చెప్పాను కదా. ఆడ ఈగ కడుపులో గుడ్లు ఎదగాలన్నా అదే కావాలి. అది తయారుకాకపోతే ఆడ ఈగ బతుకుతుంది గానీ గుడ్లు పెట్టలేదు. ఒంటి మీద పసుపు కూడా పోతుంది, అడ్డు పోయింది కాబట్టి." ఆవిడ సీసాని మళ్ళీ వెలుగుకి ఎత్తి చూసింది. "ఇవి కలిసినవి కాకపోవచ్చండి. ఆ ప్రొటీను చేసే జన్యువే వీటిలో చెడిపోయి ఉండొచ్చు. నేను ఆ రోజు మీ మాట వినుండాల్సింది."

"ఇప్పుడు వింటున్నారు కదండి," అంది జ్ఞానమ్మ. "కలిసినవో పుట్టినవో ఖాయంగా తేలాలంటే ఏం చెయ్యాలండి?"

ప్రసన్నకుమారి చెప్పింది. నల్ల మగ ఈగని, ఇంకా మగ ముఖం చూడని పసుపు ఆడ ఈగలతో కలపాలి. అది మామూలు జాతిది అయితే, పుట్టే ఆడపిల్లలన్నీ ముదురు రంగులో వస్తాయి, ఆ రంగు జన్యువు తండ్రి నుంచి ఆడపిల్లలకే అందుతుంది కాబట్టి. జన్యువు చెడిపోయినదైతే మొదటి తరం మొత్తం పసుపుగానే పుడుతుంది, ఎందుకంటే తల్లి వైపు నుంచి ఒక మంచి జన్యువు వస్తుంది. ఆ పిల్లల్ని వాటిలో వాటికి కలిపితే, రెండో తరంలో నాలుగింట ఒకటి నల్లగా రావాలి.

"అలాగైతే మొదటిసారి అన్నీ పసుపే వస్తాయండి," అంది జ్ఞానమ్మ.

"అంత ధైర్యంగా ఎలా చెప్తున్నారు?"

"నేను కలపలేదు కాబట్టండి."

ఇద్దరూ కలిసి ప్రిన్సిపాల్ దగ్గరికి వెళ్ళారు. ఆయన నివేదికనీ వాళ్ళనీ మార్చి మార్చి చూశాడు. చివరికి, "నెల రోజులు సీసాలు పారెయ్యొద్దు," అన్నాడు. "కానీ ఉత్తర్వు ఉత్తర్వేనండి. జ్ఞానమ్మగారు పదింటినుంచి ఆఫీసులో ఉండాలి."

"పదిలోపు నా ఇష్టమే కదండి," అంది జ్ఞానమ్మ.

ఆ సాయంత్రం ఇంట్లో అబ్బులు సంగతంతా విని, "ఆఫీసులో అయితే ఫ్యానూ కుర్చీ ఉంటాయి కదే. ఈగలతో నీకెందుకు?" అన్నాడు.

"నువ్వు పేనిన తాడు ఎవరైనా చూసి, ఇది పుచ్చు పీచు అని కాగితం మీద రాస్తే ఊరుకుంటావా?"

అబ్బులు తల అడ్డంగా ఊపాడు. "ఊరుకోను," అన్నాడు. మర్నాటి నుంచి తెల్లారగానే సైకిలు మీద ఆవిడని మెయిన్ రోడ్డు దాకా దింపి, మొదటి ఆటో ఎక్కించి వెళ్ళేవాడు.

ఆడ ఈగలు పుట్టిన ఎనిమిది గంటల్లోపు మగవాటితో కలవవు. అందుకని జ్ఞానమ్మ ఆరున్నరకల్లా వచ్చి పసుపు సీసాల్లో పెద్ద ఈగలన్నిటినీ ఖాళీ చేసేది. మధ్యాహ్నం అన్నం విరామంలో ఆఫీసు నుంచి వచ్చి, ఆ మధ్యలో కొత్తగా పుట్టిన వాటిని పలక మీద పోసి ఆడవాటిని ఏరేది. మైక్రోస్కోపు అలవాటైన కళ్ళు ఆవిడవి. మగ ఈగ ముందు కాలికి చిన్న నల్ల దువ్వెన ఉంటుంది. అది ఉందో లేదో చూసి కుంచెతో ఇటో అటో తోసేది. ప్రసన్నకుమారి పక్కన కూర్చుని పుస్తకంలో రాసేది. నాలుగు రోజుల్లో ముప్ఫై ఆడ ఈగలు పోగయ్యాయి. రెండు నల్ల మగవాటినీ చెరో సీసాలో వాటితో కలిపారు.

కార్తీకమాసం, ఎండ తీవ్రత లేదు. ఈగలకి అంతకన్నా మంచి రోజులుండవు. పన్నెండో రోజు పొద్దున్న సీసాల్లో కొత్త తరం ఎగిరింది.

ప్రసన్నకుమారి పలక మీద పోసింది గానీ మైక్రోస్కోపులో కళ్ళు పెట్టడానికి వెనకాడింది. "మీరు చూడండి జ్ఞానమ్మగారూ."

జ్ఞానమ్మ కూర్చుని ఒక్కొక్కటీ కుంచెతో పక్కకి జరుపుతూ చూసింది. అరగంట పట్టింది. "నూటఅరవై నాలుగండి. ఆడవీ మగవీ అన్నీ పసుపే."

ప్రసన్నకుమారి వంగి తనూ చూసి, నిటారుగా కూర్చుని, గట్టిగా ఊపిరి వదిలింది. ఆవిడ కళ్ళలో నీళ్ళు తిరిగాయి. జ్ఞానమ్మ మాత్రం సీసాల మీద తారీకు రాసి, ఆ పిల్లల్ని కొత్త మేతలోకి మార్చే పనిలో పడింది. పది కావస్తోంది, ఆఫీసులో సంతకం పెట్టాలి.

రెండో తరం ఇంకో పన్నెండు రోజులకి వచ్చింది. మొత్తం నాలుగువందల తొమ్మిది ఈగలు. అందులో తొంభై ఎనిమిది నల్లవి. దాదాపు సరిగ్గా నాలుగింట ఒకటి. ఆ నల్లవాటిలో ఆడవాటిని విడిగా ఉంచితే మళ్ళీ గుడ్డు లేదు, పురుగు లేదు.

ప్రసన్నకుమారి తను చదువుకున్న హైదరాబాదు ల్యాబుకి ఫోన్ చేసింది. ఆ ప్రొటీను జన్యువు చెడిన పాత జాతి ఒకటి వాళ్ళ దగ్గర ఉంది. దాన్ని కొరియర్లో తెప్పించుకుని, ఒక మంచి జన్యువూ ఒక చెడిన జన్యువూ ఉన్న దాని ఆడ ఈగల్ని తమ నల్ల మగ ఈగలతో కలిపారు. పిల్లల్లో సగం నల్లగా పుట్టాయి. రెండింటిలోనూ చెడింది ఒకే జన్యువన్నమాట. ఇటు నుంచి జ్ఞానమ్మ నాలుగు సీసాలు దూదీ తడిగుడ్డా చుట్టి, అట్టపెట్టెలో సర్ది పంపింది. పెట్టె మీద 'ఎండలో పెట్టకండి' అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాసింది.

జనవరి చివర్లో అక్కడినుంచి ప్రసన్నకుమారి ఫోనుకి రెండు ఫొటోలు వచ్చాయి. పిల్ల పురుగు లాలాజల గ్రంథిలో క్రోమోజోములు వెయ్యి పోగుల మోకుల్లా లావుగా ఉంటాయి. ఇన్సులేటర్ ప్రొటీను ఉన్నచోటల్లా ఆకుపచ్చగా మెరిసేలా రంగు వేశారు. మొదటి ఫొటో మామూలు ఈగ పిల్లది, క్రోమోజోముల పొడుగునా వందల కొద్దీ పచ్చ గీతలు. రెండోది పదమూడో సీసా సంతతిది. క్రోమోజోములు నీలంగా ఉన్నాయి. పచ్చ గీత ఒక్కటీ లేదు.

జ్ఞానమ్మ ఫోను దగ్గరగా పెట్టుకుని చూసింది. "ఇన్ని చోట్ల కూర్చుంటుందాండి అది? మీరు తాడుకి అయిదారు క్లిప్పులే పెట్టేరు."

"అన్ని క్లిప్పులు మనకెక్కడివండి," అంది ప్రసన్నకుమారి. "ఇలాంటి ప్రొటీన్లు ఇంకో పది రకాలున్నాయి. ఇదొక్కటి పోయినా మిగతావి తాడుని కొంతవరకు మడతల్లోనే ఉంచుతాయి. అందుకే ఈగ బతికింది."

"ఒకళ్ళు రాకపోతే మిగతావాళ్ళు ఊడుపు పూర్తిచేసినట్టు," అంది జ్ఞానమ్మ. ఆవిడ తల్లి జీవితమంతా వరి ఊడుపులకి వెళ్ళిన మనిషి.

ఫిబ్రవరిలో ప్రొఫెసర్ శివశంకర్ మళ్ళీ వచ్చాడు. ప్రసన్నకుమారి పంపిన కాగితాలు ముందే చదివాడు. అయినా తన కళ్ళతో చూస్తానన్నాడు. ఆఫీసు నుంచి జ్ఞానమ్మని పిలిపించారు. ఆవిడ మళ్ళీ కొత్తగా కలిపి పెంచిన రెండో తరం సీసా ఒకటి తీసి, ఈగల్ని మత్తుకి పంపి, పలక మీద పోసి పక్కకి జరిగింది. ఆయన సొంతంగా లెక్కపెట్టాడు. పుస్తకంలో నాలుగు నెలల తారీకులూ తిరగేశాడు. తర్వాత కళ్ళజోడు తీసి తుడుచుకున్నాడు.

"మొదటిరోజు మీకు ఎలా తెలిసిందమ్మా, ఇవి కలిసినవి కావని?"

"సోమవారం పసుపువి, గురువారం మామూలువి మారుస్తానండి. ఏడేళ్ళలో ఒక్కసారి తప్పలేదు. ఆ మాట మీరు అడిగుంటే చెప్పేదాన్ని."

ఆయన తల ఊపాడు. "నిజమే. అడగలేదు. నేను పొరబడ్డాను, ఏమీ అనుకోకండి."

"ఏమీ అనుకోనండి. కానీ మీరు నోటితో అనలేదు కదండి, కాగితం మీద రాసేరు. ఆ కాగితం ఫైల్లో ఉంటుంది. రేపు మేడంగారు లేకపోయినా, నేను లేకపోయినా, వచ్చినవాళ్ళు అదే చదువుతారు. కాగితం మీదే దిద్దండి."

ప్రిన్సిపాల్ రమణబాబు కంగారుపడి ఏదో అనబోయాడు. ప్రొఫెసరు చెయ్యెత్తి ఆపాడు. "ఆవిడ అడిగింది న్యాయం," అన్నాడు. ఫైలు తెప్పించుకుని, తను రాసిన పేరా మీద అడ్డంగా గీత కొట్టాడు. పక్క కాగితం మీద తన చేతిరాతతోనే, ఈగలు కలవలేదనీ, కొత్త మార్పు ఈ ల్యాబులోనే పుట్టిందనీ, దాన్ని గమనించి కాపాడింది అటెండరు జ్ఞానమ్మ అనీ రాసి సంతకం పెట్టాడు. జ్ఞానమ్మ ఆ కాగితం తీసుకుని, చివరి అక్షరం దాకా చదివి, ప్రిన్సిపాల్ చేతికిచ్చింది.

"నేనింక ల్యాబుకి వెళ్ళొచ్చాండి?"

"వెళ్ళండి," అన్నాడు రమణబాబు. పాత ఉత్తర్వు రద్దు కాగితం మధ్యాహ్నానికే టైపయింది.

వేసవి సెలవుల ముందు ప్రసన్నకుమారి పరిశోధనా పత్రం రాసి పంపింది. రచయితల్లో రెండో పేరు జ్ఞానమ్మది. విద్యార్హత అడిగే గడిలో ఏం రాయాలని అడిగితే, "తొమ్మిదో తరగతి అనే రాయండి. ఉన్నదే కదండి," అంది ఆవిడ. పత్రిక వాళ్ళు రెండు ప్రశ్నలు వేసి, జవాబులు చూసుకుని, ఒప్పుకున్నారు.

ఆ వారం ఆటోలో పక్కన కూర్చున్న ఆకుకూరల మహాలక్ష్మమ్మ అడిగింది. "ఏదో కనిపెట్టేవంట కదా జ్ఞానమ్మా. మా మనవరాలు చెప్పింది. ఏంటది?"

"ఈగ ఒంట్లో ఒక పొడుగు తాడు ఉంటుంది వదినా. అది చిక్కు పడకుండా మడతపెట్టి, ఎక్కడి పని అక్కడే జరిగేలా కాపలా కాసేవి కొన్ని ఉంటాయి. అందులో ఒకటి మా ఈగల్లో పుట్టకుండా పోయింది. అది లేకపోతే ఏమవుతుందో చూసేం."

"ఏమయింది?"

"పసుపు ఈగ నల్లబడింది. ఆడదానికి పిల్లలు పుట్టలేదు."

మహాలక్ష్మమ్మ బుట్ట ఒళ్ళోకి జరుపుకుని ఆలోచించింది. "మనుషుల ఒంట్లో కూడా ఉంటాయా ఆ కాపలావి?"

"ఉంటాయంట. వేరే రకాలు. మేడంగారిని అడిగేను. వచ్చే ఏడాది దాని గురించి చదువుదాం అన్నారు," అంది జ్ఞానమ్మ. కాలేజీ మలుపు దగ్గర ఆటో ఆపించి దిగింది. ఆ రోజు సోమవారం, ఇరవై సీసాలు మార్చాలి.